బ్రాంచి పేర్లు పొట్టిగా రాయడానికి ఒక పద్ధతి కావాలి: సీఎస్‌ఈనా, సి.ఎస్.ఇ.నా, కంప్యూటర్సా?

లంకమామిడి
అందరికీ నమస్కారం. మాది 2001–05 ఇంజినీరింగ్ బ్యాచ్. బయటికొచ్చి ఇరవై ఏళ్లయిందని అందరం కలుస్తున్నాం, దానికో సావనీర్ వేస్తున్నాం, ఎడిటింగ్ నా నెత్తిన పడింది. తెలుగులోనే వెయ్యాలని పంతం పట్టింది కూడా నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

212 మంది ఫారం నింపి పంపారు. అందులో బ్రాంచి అనే గడిలో ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ఒక్క కంప్యూటర్ సైన్స్‌కే నాకు దొరికినవి చూడండి: సీఎస్‌ఈ, సి.ఎస్.ఇ., సి ఎస్ ఇ, సియస్ఇ, సీఎస్, కంప్యూటర్స్, కంప్యూటర్ సైన్సు. ఎలక్ట్రికల్ వాళ్లు ఇంకో రకం: ఈఈఈ, ఇ.ఇ.ఇ., ట్రిపుల్ ఈ, ట్రిపులీ, ఒకడైతే 3ఈ అని రాసి పక్కన నవ్వు మొహం పెట్టాడు. ఎక్సెల్‌లో వరసలో పెడితే ఒకే బెంచీ మీద నాలుగేళ్లు కూర్చున్న వాళ్లు నాలుగు పేజీల్లో తేలారు. ఇ తో మొదలైన వాళ్లు ఒక చోట, ఈ తో మొదలైన వాళ్లు ఇంకో చోట, ట తో మొదలైన వాళ్లు ఎక్కడో కింద.

ఇంకా వింత ఏంటంటే, రెండు గళ్లలో అచ్చం ఒకేలా "సీఎస్‌ఈ" అని కనిపిస్తుంది, ఫిల్టర్ పెడితే మాత్రం రెండు వేరు వేరు అంటుంది. రాత్రి ఒంటిగంటకి అది చూసి నాకు పిచ్చెక్కింది.

ఏది పెట్టుకుంటే మంచిది? చుక్కలు పెట్టాలా? మొదటిసారి పూర్తి పేరు రాయాలా? మీలో ఎవరైనా ఇలాంటిది చేసుంటే చెప్పండి ప్లీజ్.

ట్రిపులీ2009
3ఈ రాసినాయన మా సీనియరే అయ్యుంటాడు. సారీ, సాయం ఏం లేదు, నవ్వుకుందామని వచ్చా.

పాతడెస్కు
లంకమామిడి గారూ, నేను పత్రిక డెస్కులో 22 ఏళ్లు పనిచేసి దిగాను. ఈ గొడవ రోజూ ఉండేది. నాకు తెలిసింది చెప్తా, తర్వాత మీ ఇష్టం.

చుక్కలు వద్దు. పాత పుస్తకాల్లో ఎం.ఏ., బి.యిడి., బి.ఎస్.సి. అని చుక్కలతో, హ్రస్వాలతో వేసేవాళ్లు, అది అప్పటి మర్యాద. కానీ చుక్క పెట్టారంటే ప్రతి చోటా పెట్టాలి, చివరి అక్షరం తర్వాత కూడా పెట్టాలి, అక్కడే వాక్యం అయిపోతే ఇంకో చుక్క పెట్టాలా వద్దా అనే సందేహం ఒకటి. 212 మంది బయోడేటాల్లో మీరు అది నిలబెట్టలేరు. పదో పేజీకి చుక్కలు రాలిపోవడం మొదలవుతుంది.

దీర్ఘాలు పెట్టండి. మనం నోటితో ఏమంటాం? సీ, ఈ, డీ, బీ అంటాం. సి, ఇ, డి అని ఎవరూ పలకరు. పలికినట్టు రాస్తే గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. అలాగే "ఎస్" రాయండి, "యస్" వద్దు. "ఎం" సున్నాతో, "ఎమ్" వద్దు. ఈ మూడు ఖాయం చేసుకుంటే మీ బాధ ముప్పాతిక వంతు తీరిపోతుంది.

కానీ జాగ్రత్త, అన్నిటినీ అక్షరాలుగా విడగొట్టకండి. కొన్ని ఎప్పుడో మాటలైపోయాయి. బీటెక్, బీకాం, బైపీసీ, బీఎస్సీ, ఎమ్మెస్సీ. బైపీసీని ఎవరైనా బీఐపీసీ అంటారా? ఎమ్మెల్యే అనే మాట చూడండి, మూడు ఇంగ్లీషు అక్షరాలకి మన జనం సంధి చేసి పారేశారు. దాన్ని ఎంఎల్ఏ అని రాస్తే తప్పు కాదు గానీ పళ్ల కింద రాయిలా తగులుతుంది. బ్రాంచిల్లో ఇలా మాటైపోయినవి రెండే: మెకానికల్ వాళ్ల "మెక్", ఎలక్ట్రికల్ వాళ్ల "ట్రిపులీ".

ఇక మీ కనిపించని తేడా సంగతి. "ఎస్" తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు ఉంటుంది, కొన్ని కీబోర్డులు తమంతట తామే పెడతాయి, కొన్ని పెట్టవు. కంప్యూటర్‌కి అది కూడా ఒక అక్షరమే. అందుకే ఒకటి సీఎస్ఈ, ఇంకొకటి సీఎస్‌ఈ. మనిషి కంటికి ఒకటే. ఒక పద్ధతి సరిగ్గా టైపు చేసి, మిగతావన్నీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో దాంట్లోకి తెచ్చేయండి. చేత్తో దిద్దకండి, చచ్చిపోతారు.

లంకమామిడి
పాతడెస్కు గారూ, మీకు సాష్టాంగం. ఆ కనపడని గుర్తు సంగతి తెలియక రెండు రోజులు పోయాయి.

సీఎస్‌డీ_కుర్రాడు
నాది సీఎస్‌డీ అన్నా, సీఎస్‌ఈలో డేటా సైన్స్, మూడో సంవత్సరం. ఆ విడదీసే గుర్తు లేకుండా నా బ్రాంచి రాస్తే "సీఎస్డీ" అని వస్తుంది, స కింద డ వత్తు. మా అమ్మ అది చూసి "ఏదో సంస్కృతం కోర్సులా ఉందిరా" అంది. సీఎస్‌ఈకి ఆ గుర్తు లేకపోయినా నష్టం లేదు, పక్కన అచ్చు ఉంది కాబట్టి వత్తు పడదు. మాకే ఈ ఖర్మ, సీఎస్‌డీ, సీఎస్‌బీ, సీఎస్‌సీ వాళ్లకి.

సీఎస్‌సీ అయితే మరీ దారుణం. గుర్తు లేకపోతే "సీఎస్సీ" అవుతుంది, బీఎస్సీ తమ్ముడిలా.

హెల్ప్‌లైన్_మాస్టారు
నేను ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్లో ప్రతి ఏడూ డ్యూటీ చేస్తాను కాబట్టి నా బాధ కొంచెం వినండి. పొట్టి పేర్లతో వచ్చే అసలు తంటా స్పెల్లింగు కాదు, ఒకే పొట్టి పేరుకి రెండు అర్థాలుండడం.

మెకానికల్‌కి కౌన్సెలింగ్‌లో కోడ్ ఎంఈసీ. ఇంటర్‌లో ఎంఈసీ అంటే మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్. ఒకాయన ఫోన్ చేసి, మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీలో చదివింది, మీ లిస్టులో ఎంఈసీ సీట్లు చాలా మిగిలాయి కదా సార్, ఇప్పించండి అన్నాడు. ఆయన తప్పేముంది చెప్పండి. అక్షరాలు అవే మరి. ఫిజిక్సు, కెమిస్ట్రీ చదవని పిల్లకి ఇంజినీరింగ్ కుదరదని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది, ఆయన నమ్మడానికి ఇంకో పది.

ఐటీకి అక్కడ కోడ్ ఐఎన్‌ఎఫ్. పిల్లలు లిస్టంతా ఐటీ ఐటీ అని వెతికి లేదనుకుంటారు. సీఎస్‌ఎం అంటే సీఎస్‌ఈలో ఏఐ, మెషీన్ లెర్నింగ్. ఏఐఎం అంటే కూడా అవే రెండు, కానీ సీఎస్‌ఈ పేరు ముందు లేకుండా విడిగా ఉండే బ్రాంచి. సీఎస్‌డీ అంటే సీఎస్‌ఈలో డేటా సైన్స్. ఏఐడీ అంటే ఏఐ, డేటా సైన్స్ కలిపి. సీఎస్‌ఓ అంటే సీఎస్‌ఈలో ఐఓటీ, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్. ఇవన్నీ ఆప్షన్లు పెట్టుకోవడానికి మూడక్షరాల గడిలో పట్టేలా పెట్టిన కోడ్‌లు. ఇప్పుడు పిల్లలు వాటినే బ్రాంచి పేర్లుగా వాడేస్తున్నారు, మన కుర్రాడు పెట్టుకున్న పేరే చూడండి. సర్టిఫికెట్ మీద ఎక్కడా సీఎస్‌డీ అని ఉండదు బాబూ.

కాబట్టి లంకమామిడి గారూ, కోడ్ వేరు, పొట్టి పేరు వేరు. మీ బ్యాచ్‌లో ఈ కొత్తవి లేవు కాబట్టి బతికిపోయారు.

సీఎస్‌డీ_కుర్రాడు
మాస్టారూ, సర్టిఫికెట్ మాట నిజమే, ఒప్పుకుంటా. దానివల్ల మా సీనియర్‌కి పెద్ద టెన్షనే అయింది. ఉద్యోగం అప్లికేషన్‌లో బ్రాంచి దగ్గర లిస్టులోంచి ఎంచుకోవాలి, అందులో సీఎస్‌ఈ, ఐటీ, ఈసీఈ, ఇతరములు అంతే ఉన్నాయి. ఇతరములు పెడితే పిలవరని సీఎస్‌ఈ పెట్టాడు. రెజ్యూమెలో కూడా అదే. ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్లు చూసేవాళ్లు, మీరు చెప్పింది ఒకటి, మెమోలో ఉన్నది ఇంకోటి అని ఆపేశారు. కాలేజీ నుంచి లెటర్ తెచ్చి, డిపార్ట్‌మెంట్ సంతకాలు పెట్టించి, మూడు వారాలకి తేలింది. అప్పటి నుంచి మేమందరం రెజ్యూమెలో ఒక్కసారి పూర్తిగా రాసి, కింద మాత్రమే పొట్టిగా రాస్తున్నాం.

డాలస్‌బాబాయ్
ఈ దారం ఇప్పుడే చూశా. నేనూ ఒక రాయి వేస్తా.

మన దగ్గర ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్. ఇక్కడ అమెరికాలో ఈసీఈ అంటే ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్. కార్నెగీ మెలన్‌లో, జార్జియా టెక్‌లో ఆ డిపార్ట్‌మెంట్ పేరే అది. నేను 1999లో వచ్చినప్పుడు మా ప్రొఫెసర్ నా రెజ్యూమెలో ఈసీఈ చూసి, అయితే నీకు కంప్యూటర్ ఆర్కిటెక్చర్ బాగా వచ్చుండాలే అని ఆ పని ఇచ్చాడు. నాకు వచ్చింది యాంటెన్నాలు. కాదని చెప్పే ధైర్యం లేక ఆ సెమిస్టరంతా రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నా. మంచే జరిగిందనుకోండి, ఆ పని మీదే ఇప్పటికీ తిండి తింటున్నా.

ఎంఐటీ వాళ్లదైతే ఇంకా వేరు. అక్కడ డిపార్ట్‌మెంట్లకి నంబర్లు. కంప్యూటర్స్, ఎలక్ట్రికల్ కలిపి కోర్సు 6. పిల్లలు "నేను సిక్స్" అంటారు.

ఇంకోటి ఎంఎస్. నేను ఎంఎస్ చదవడానికి వచ్చానని మా ఊళ్లో తెలిసి, సెలవులకి వెళ్లినప్పుడు మా నాన్నగారి స్నేహితుడొకాయన అరుగు మీద కూర్చుని పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. ఎంఎస్ అంటే ఆయనకి సర్జన్. కాదండీ, చిప్‌ల డిజైన్ అన్నా. "చిప్పే బాబూ, మోకాలి చిప్పే, అరిగిపోయిందన్నారు" అన్నాడు.

ట్రిపులీ2009
మోకాలి చిప్ప 😂😂 బాబాయ్ దండం.

కొత్తావకాయ
అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతా. ఎందుకండీ ఈ ఒకే పద్ధతి? సావనీర్ అంటే గవర్నమెంటు గెజిట్టా? ఒకడు ట్రిపులీ అన్నాడు, ఒకామె ఎలక్ట్రికల్ అంది, 3ఈ రాసినాయన తన చమత్కారం తను చూపించాడు. ఇరవై ఏళ్ల తర్వాత కలుస్తున్న మనుషులు. అందర్నీ ఈఈఈ అని ఒకే మూసలో పోస్తే చదివేదానికి ఏం రుచి? అసలు "ఈఈఈ" అని చూస్తే ఎవరో పళ్లికిలించినట్టు ఉంటుంది నాకు.

పాతడెస్కు
కొత్తావకాయ గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. ఎవరి జ్ఞాపకం వాళ్లు రాసుకున్న చోట వాళ్ల మాటే ఉండాలి. "మా ట్రిపులీ ల్యాబ్‌లో ఫ్యూజు ఎగిరిన రోజు" అని రాస్తే దాన్ని నేను "మా ఈఈఈ ల్యాబ్‌లో" అని దిద్దితే నా చెయ్యి విరగ్గొట్టాలి. కానీ పేరు, బ్రాంచి, ఊరు, ఫోను అని వరసగా వచ్చే పట్టిక ఉంటుంది చూడండి, అది వెతుక్కోవడానికి. అక్కడ రుచి అక్కర్లేదు, దొరకడం కావాలి. పట్టికలో ఒకటే రూపం, రాతల్లో ఎవరి మాట వాళ్లది. నేనైతే అలా చేస్తా.

కొత్తావకాయ
సరే, దీనికి ఒప్పుకున్నా. పళ్లికిలింపు మాత్రం వెనక్కి తీసుకోను.

పొట్టి పేర్ల మోసానికి నేనూ ఒకటి చెప్తా. మా మేనల్లుడు బీకాం సీఏ, అంటే బీకాంలో కంప్యూటర్ అప్లికేషన్స్. పెళ్లి సంబంధాల పేరయ్య కాగితం మీద "బీకాం, సీఏ" అని ఒక కామా పెట్టాడు. ఒక్క కామా! పెళ్లిచూపులకి కారులో ఏడుగురొచ్చారు. అబ్బాయి ఆడిటర్ అనుకుని వచ్చారు పాపం. కాఫీలు తాగాక పిల్ల తండ్రి "ఆర్టికల్‌షిప్ ఎక్కడ చేశావు బాబూ" అని, సీఏ వాళ్లు ఆడిటర్ దగ్గర చేసే ట్రైనింగ్ గురించి అడిగాడు. మా వాడు అమాయకంగా "ఆర్టికల్స్ రాయనండీ, చదువుతాను" అన్నాడు. అంతే, లేచారు.

హెల్ప్‌లైన్_మాస్టారు
ఈ కామా కథ మా స్టాఫ్ రూంలో చెప్పాను. ఇద్దరు టీ ఒలకబోసుకున్నారు.

బీజడ్‌సీ_మేడం
నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. ఇంజినీరింగ్ వాళ్ల గోలలో మమ్మల్ని మర్చిపోయారు.

మా దగ్గర ఒక చిక్కుంది, అది తెలుగు లిపి చిక్కు. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ గ్రూపుని ఇంగ్లీషులో రాసేటప్పుడు చివరి ఎస్ చిన్నక్షరంలో వేస్తారు, సీ, ఎస్ రెండూ కలిసి కంప్యూటర్ సైన్స్ అని తెలియడానికి. తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం లేవు కదా. ఎంపీసీఎస్ అని రాస్తే ఇంటర్ ఎంపీసీకి వెనకాల ఎస్ తగిలించినట్టుంది. కెమిస్ట్రీ ఉన్న ఎంపీసీ, కంప్యూటర్స్ ఉన్న ఎంపీసీఎస్ వేరు వేరని మొదటి ఏడాది పిల్లల తల్లిదండ్రులకి ప్రతిసారీ చెప్పాల్సిందే. పైగా లిపిలో పెద్దక్షరాలు లేనందువల్ల ఐటీ, సీఏ, ఈసీ లాంటివి వాక్యంలో కలిసిపోయి కనపడవు. ఈసీ అంటే పల్లెల్లో ఇప్పటికీ పొలం కాగితమే, రిజిస్ట్రారాఫీసులో తీసేది. ఎన్నికలప్పుడు అయితే ఎన్నికల సంఘం. సీఈసీ కూడా అంతే, ఇంటర్ గ్రూపు ఒకటి, ఎన్నికల పెద్దాయన ఒకరు.

ఇంకా మా పని మారిపోతోంది కూడా. ఆంధ్రాలో 2023–24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అనే మాటే కొత్త పిల్లలకి తెలియదు, "నాది బోటనీ మేజర్" అంటున్నారు. నా పేరు ఇక్కడ పాతబడిపోయింది, మార్చుకోవాలో ఏమో.

పాలిటెక్నిక్_పిల్ల
అక్కా మార్చుకోకండి, బాగుంది. 

డిప్లొమా వాళ్ల తరఫున నేను. మాకు డీసీఈ అంటే సివిల్. సీ సివిల్ వాళ్లు ముందే తీసేసుకున్నారు కాబట్టి కంప్యూటర్ వాళ్లం డీసీఎంఈ అయ్యాం. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులోకి వచ్చాక క్లాసులో అందరూ సీఎస్‌ఈ, నేనొక్కదాన్నే ఫారంలో డీసీఎంఈ, సీఎస్‌ఈ అని రెండూ రాయాలి. గేట్ రాద్దామని చూస్తే అక్కడ సీఈ అంటే సివిల్, సీఎస్ అంటే కంప్యూటర్స్, సీహెచ్ కెమికల్, సీవై ఏమో కెమిస్ట్రీ. డేటా సైన్స్, ఏఐ పేపర్ 2024 నుంచి పెట్టారు, దానికి డీఏ. మా ఇంట్లో డీఏ అంటే నాన్న జీతంలో వచ్చేది.

లంకమామిడి గారూ, మీ బ్యాచ్‌లో ఈసెట్‌లో వచ్చిన వాళ్లుంటారు, వాళ్ల డిప్లొమా బ్రాంచి కూడా పట్టికలో వెయ్యండి, వదిలెయ్యకండి. మూడేళ్లు చదివాం దాన్ని.

ట్రిపులీ2009
నిజం చెప్పాలంటే మా క్లాసులో మోటార్లు విప్పదీయడం వచ్చింది ఈసెట్ వాళ్లకే. మిగతావాళ్లం చూసేవాళ్లం.
అయినా సీఎస్‌ఈ వాళ్ల గురించే ఇంత చర్చ ఎందుకో. కరెంటు లేకపోతే మీ కంప్యూటర్లు ఎక్కడుంటాయి?

డాలస్‌బాబాయ్
మొదలెట్టాడు.

అడ్మిన్
బ్రాంచిల గొప్పల మీద వేరే దారం ఉంది, 400 పోస్టులు దాటింది, అక్కడికి వెళ్లి కొట్టుకోండి. ఇక్కడ రాత సంగతే.

లంకమామిడి
అందరికీ థ్యాంక్స్. పాలిటెక్నిక్_పిల్ల గారూ, మీరన్నది సబబే, డిప్లొమా గడి కలిపాను. తొమ్మిది మంది ఉన్నారు.

ఇప్పుడు అసలు ముడి. ఇది స్పెల్లింగు కాదు. మా బ్యాచ్‌లో 38 మంది బ్రాంచి సీఎస్‌ఐటీ, అంటే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. ఆ పేరు ఇప్పుడు మా కాలేజీలో లేదు, ఐటీ అయింది. ఆ 38 మందిలో కొందరు సీఎస్‌ఈ అని రాశారు, కొందరు ఐటీ అని, పదకొండు మందే సీఎస్‌ఐటీ అని. ఫోన్ చేసి అడిగితే ఒకతను "ఇప్పుడు ఎవరికి తెలుసురా సీఎస్‌ఐటీ, సీఎస్‌ఈ అని వేసెయ్" అన్నాడు. అది వినపడి నిజం సీఎస్‌ఈ వాళ్లలో ఒకామె వాట్సాప్ గ్రూపులో "మా లిస్టులో మీరెందుకు" అంది. సరదాకే అంది అనుకుంటా, కానీ తర్వాత రెండు రోజులు గ్రూపు చల్లబడిపోయింది. ఇరవై ఏళ్ల కిందట ల్యాబ్ టైమింగుల మీద వచ్చిన తగువు ఇంకా బతికే ఉందని నాకప్పుడు తెలిసింది.

మెమో ప్రకారం వెయ్యాలా, ఇప్పటి పేరు వెయ్యాలా?

టీచరమ్మ_కడప
మెమో ప్రకారమేనండీ, సందేహం లేదు. మాకు అనుభవం. నేను చదివిన టీచర్ ట్రైనింగ్ పేరు అప్పుడు టీటీసీ. తర్వాత దాన్ని డీఈడీ అన్నారు, ఇప్పుడు డీఎల్‌ఈడీ. చదువు దాదాపు అదే. నేను సర్వీసు పుస్తకంలో ఏమని రాయించుకున్నాను? టీటీసీ. ఎందుకంటే నా సర్టిఫికెట్ మీద అదే ఉంది. ఇప్పటి పేరు రాసుకుంటే రేపు ఎవరో "ఈ ఏడాదిలో ఈ కోర్సే లేదే" అని అడుగుతారు. పక్కన చిన్నగా "ఇప్పటి డీఎల్‌ఈడీ" అని రాస్తే సరిపోతుంది.

పాతడెస్కు
టీచరమ్మ గారి మాటకే నా ఓటు. చదివిన నాటి పేరే పేరు. ఎంసెట్ చూడండి. వైద్యం నీట్‌లోకి వెళ్లిపోయి మెడిసిన్ అక్షరం తీసేశారు, ఆంధ్రాలో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి అది ఈఏపీసెట్. కానీ 2001లో మీరు రాసింది ఎంసెటే. "నాకు ఈఏపీసెట్‌లో 4 వేల ర్యాంకు వచ్చింది" అని మీ సావనీర్‌లో ఎవరైనా రాస్తే నవ్వరా?

యూనివర్సిటీ పేర్లకీ అదే. మీ బ్యాచ్ చదివేనాటికి జేఎన్‌టీయూ ఒక్కటే, హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడిపోయింది 2008లో. జేఎన్‌టీయూహెచ్, జేఎన్‌టీయూకే అని వేస్తే మీ కాలానికి తప్పు.

హెల్ప్‌లైన్_మాస్టారు
లంకమామిడి గారూ, మీ కాలేజీ జేఎన్‌టీయూ కింద అయితే అసలు బ్రాంచి అడగడం మానేయండి. హాల్ టికెట్ నంబరు అడగండి. బ్రాంచి పేరు మర్చిపోయినవాడు, మార్చి చెప్పేవాడు ఉంటాడు గానీ ఆ పదక్షరాలు ఎవరూ మర్చిపోరు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

మొదటి రెండంకెలు చేరిన ఏడాది, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత 1ఏ, దాని తర్వాత వచ్చే రెండంకెలే బ్రాంచి. 01 సివిల్, 02 ఈఈఈ, 03 మెకానికల్, 04 ఈసీఈ, 05 సీఎస్‌ఈ, 12 ఐటీ. చివరి రెండు రోల్ నంబరు. 1ఏ బదులు 5ఏ ఉంటే ఈసెట్‌లో రెండో ఏడులో చేరినట్టు. ఇప్పటి పిల్లలకి 66, 67 వచ్చాయి, సీఎస్‌ఎం, సీఎస్‌డీ వాళ్లవి. వందమంది దాటిన క్లాసుల్లో చివరి రెండు గళ్లలో ఏ0, ఏ1 అని అక్షరం మొదలవుతుంది. పట్టికని ఆ నంబరు మీద వరసలో పెట్టండి, స్పెల్లింగుతో పనే లేదు, అటెండెన్సు రిజిస్టరులో ఉన్న వరసే వస్తుంది.

లంకమామిడి
మాస్టారూ!! ఇది నాకెందుకు తట్టలేదు. నిన్న గ్రూపులో "హాల్ టికెట్ నంబరు పంపండి" అని ఒక్క మెసేజ్ పెట్టా. అరగంటలో 140 వచ్చాయి. ఫారం నింపమని మూడు నెలలు బతిమాలినా కదలని వాళ్లు కూడా పంపారు. పైగా ఒకరి నంబరు చూసి ఇంకొకరు "నా వెనక బెంచీ నువ్వే కదా, ఇంటర్నల్స్‌లో నా పేపర్ చూసి రాసింది" అని మొదలెట్టారు, గ్రూపు మళ్లీ వేడెక్కింది. సీఎస్‌ఐటీ వాళ్లు, సీఎస్‌ఈ వాళ్లు కూడా మాట్లాడుకుంటున్నారు.

బీజడ్‌సీ_మేడం
నా హాల్ టికెట్ నంబరు నాకు ఇప్పటికీ గుర్తుంది, 1991ది. ఆధార్ నంబరు మాత్రం చూసి చెప్పాలి.

లంకమామిడి
ఆదివారం కూర్చుని ఖాయం చేసేశా. ఇలా వేస్తున్నా, ఏమైనా తప్పుంటే చెప్పండి.

చుక్కలు లేవు, దీర్ఘాలే, ఎస్, ఎం. ముందు పేజీలో ఆరు బ్రాంచిల పూర్తి పేర్లు, వాటి పక్కన మేం వాడే పొట్టి పేరు, ఒక్కసారే. పట్టికంతా హాల్ టికెట్ వరసలో. సివిల్, మెకానికల్ రెండూ మాటలుగానే ఉంచేశా, సీఈ, ఎంఈ అని కుదించలేదు, కుదిస్తే మిగిలేది నాలుగు అక్షరాల జాగా, పోయేది అర్థం. మిగతావి ఈఈఈ, ఇసిఇ, సీఎస్‌ఈ, సీఎస్‌ఐటీ. సీఎస్‌ఐటీ దగ్గర కింద చిన్నక్షరాల్లో "ఇప్పటి ఐటీ". తర్వాత అమెరికాలో చదివిన వాళ్ల డిగ్రీలకి సబ్జెక్టు కూడా వేస్తున్నా, ఉత్త ఎంఎస్ అని ఎక్కడా లేదు, డాలస్‌బాబాయ్ గారి మోకాలు గుర్తొచ్చి. వ్యాసాల్లో ఎవరి మాట వాళ్లదే. 3ఈ ఆయన తన వ్యాసంలో 3ఈగానే ఉంటాడు.

మంగళవారం ప్రెస్‌కి.

కొత్తావకాయ
3ఈ బతికింది, చాలు నాకు.

పాతడెస్కు
అంతా బాగుంది. మీ పోస్టులో రెండో పేరా మధ్యలో ఈఈఈ తర్వాత ఏముందో ఒకసారి చూసుకోండి.

లంకమామిడి
అయ్యో రామా. "ఇసిఇ". చుక్కలు తీసేసి హ్రస్వాలు అలాగే వదిలేశా. ఫైల్లో వెతికితే ఇంకో పదిహేడు ఉన్నాయి, అన్నీ ఈసీఈలే.

మంగళవారం కాదు, గురువారం. ఈలోగా పీడీఎఫ్ మీకు పంపుతా, ఒక్కసారి చూసిపెట్టండి గురువుగారూ.

పాతడెస్కు
పంపండి. ఎర్ర పెన్ను తీశా.